ఈశాన్యం పల్లం

సిల్వి ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడింది.
"గురువారం రా. ఆ రోజు ఓయివా ఉండడు,
కంటి ఆపరేషన్."

థండర్ బేలో ఫిబ్రవరి.
నా వ్యాను తలుపు మంచుకు అంటుకుపోయి
భుజంతో నాలుగుసార్లు గుద్దితే గానీ ఊడలేదు.
నేలమాళిగ మెట్ల మీద బట్టల సబ్బు వాసన, ఉల్లిపాయల బుట్ట,
అడుగున, వేలాడే దీపం కింద, బల్ల.
వాళ్ళ నాన్న కాగితపు మిల్లు బోనస్‌తో కొన్నది,
యాభై రెండేళ్ళవుతోంది.
అన్నా చెల్లెలూ దాని చుట్టూ తిరుగుతూనే ముసలివాళ్ళయ్యారు.
రాత్రి భోజనం కాగానే ఒక్క ఆట.
ఓడినవాళ్ళు గిన్నెలు తోమాలి.

"పదేళ్ళుగా నేనే తోముతున్నాను"
అంటూ సిల్వి చేతులు చూపించింది.
నానిన బాదంపప్పుల్లా ఉన్నాయి వేళ్ళు.

రసమట్టం పెట్టాను.
బుడగ నైరుతికి పారిపోయింది.
తెల్లబంతిని నడిమధ్యన వదిలాను.
కాసేపు ఏదో ఆలోచించినట్టు ఆగి
ఈశాన్యం మూల సంచీ వైపు
తెలిసిన దారిలా బయల్దేరింది.

నీరు పల్లమెరుగు.
ఓయివా కూడా.

అంచులు విప్పాను. పాత బట్ట ఒలిచాను.
పిన్నులు పీకుతుంటే లెక్క రెండు వందల దగ్గర తప్పింది.
నీలం సుద్దపొడి, ఒక తలపిన్ను, ఎండిన ఈగ,
రబ్బరు చూస్తే రొట్టె పెంకులా గట్టిపడి ఉంది.
కింద మూడు రాతి పలకలు, మధ్య అతుకుల్లో పగిలిన మైనం.
ఒక పలక మీద పెన్సిల్ రాత:
"1981. బల్ల బాగానే ఉంది. ఇల్లు కుంగుతోంది."
ఎనిమిదిని జంతికలా మెలితిప్పే ఆ చెయ్యి నాకు తెలుసు,
నాకు పని నేర్పిన వైనోది.
అప్పట్లో ఆ మూల కాలి కింద ఆయన పెట్టిన చెక్కముక్క
నలిగి నలిగి అట్టముక్క అయింది.

కొత్తది పెట్టాను. మళ్ళీ చూశాను. ఇంకోటి పెట్టాను.
తేనెమైనం కరిగించి అతుకుల్లో పోసి
చల్లారాక గీకితే, కళ్ళు మూసుకుని తడిమినా
అతుకెక్కడో వేలికి తెలియకూడదు. తెలియలేదు.
కొత్త ఉన్నిబట్ట పరిచి లాగితే
గోటితో మీటినప్పుడు డప్పులా పలికింది.

వెళ్ళేముందు చెప్పాల్సినవి చెప్పాను.
బ్రష్ ఒకవైపే గీయాలి, ముందుకూ వెనక్కీ కాదు.
బంతులు గోరువెచ్చని నీళ్ళలో కడిగి, ఆరాకే బల్ల ఎక్కించాలి.
క్యూకర్రలు గోడకి చేరేస్తే నడుము వంగుతాయి,
నీ నాది లాగే.
తేమ లాగే యంత్రం ఆపకు, దాని తొట్టి రోజూ పారబొయ్యి.
ఓయివా బీరుగ్లాసు అంచు మీద పెడితే...
ఆమె ఏదీ వినడంలేదు.

"ఇప్పుడు మట్టంగా ఉందా?"

తెల్లబంతిని వదిలాను.
మొండికేసిన గాడిదలా
పెట్టినచోటే నిలబడింది.
సిల్వి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి
డబ్బు ఎక్కువే ఇచ్చింది, రశీదు వద్దంది.

పదకొండు రోజుల తర్వాత
రాత్రి తొమ్మిదికి ఓయివా ఫోన్.
అతనూ గొంతు తగ్గించాడు.
"డాక్టరు లెన్సు వంకరగా పెట్టాడనుకున్నాను.
రెండుసార్లు వెళ్ళాను, గోడమీది చిన్నక్షరాలు కూడా చదివించాడు.
నా కన్ను బాగుంది.
బల్లకే ఏదో అయింది.
సరిగ్గా ఉంది."

నేను మాట్లాడలేదు.

"ఎవరైనా ముట్టుకున్నారంటావా?"

కొత్త బట్ట కింద, పలక మీద,
వైనో రాతకి దిగువన నేనూ ఒక వరుస రాసిన సంగతి
అతనికి చెప్పలేదు.
"ఇల్లు కుంగుతూనే ఉంది ఓయివా,
ఓపిక పట్టు,
ఇంకో ఆరేడేళ్ళు" అన్నాను.

అతను నిట్టూర్చాడు.
వెనకాల కుళాయి నీళ్ళు పడుతున్న చప్పుడు,
పళ్ళెం మీద పళ్ళెం పెడుతున్న చప్పుడు.